మేడమ్ లీవులో ఉన్నారు

పంజాగుట్ట కూడలికి కూతవేటు దూరములో, మెట్రో స్తంభముల నీడ పడు ఒక వీథిలో, గృహోపకరణములకు మరమ్మతులు చేయు సర్వీసు సెంటరొకటి కలదు. దాని పేరు చెప్పను. చెప్పుటవలన ప్రయోజనమును లేదు, ఏలయనగా ఆ వీథిలో ఈ చివరనుండి ఆ చివరవరకు ఏ తలుపు తోసికొని లోనికి పోయినను ఇంచుమించుగా అదే దృశ్యము కనబడుచుండును. మా యింటి మిక్సీ, కొన్న యేడాది నిండకమునుపే, పచ్చడి రుబ్బుచు రుబ్బుచు ఒక ఉదయమున హఠాత్తుగా మౌనవ్రతము పూనగా, వారంటీ కాగితమును జేబులో పెట్టుకొని, మిక్సీని గుడ్డసంచిలో వేసికొని, నేనక్కడికి వెళ్ళితిని. కౌంటరు వెనుక నాలుగు కుర్చీలు, ముగ్గురు మనుష్యులు. మొదటివాడు తన ఫోనులో ఏదో చూచి తనలో తాను నవ్వుకొనుచుండెను. రెండవవాడు "నేను కొత్త అంకుల్, నాకు తెల్వదు" అనెను. మూడవ యామె నా ఫోను నంబరును కంప్యూటరులో కొట్టి, అందొక అంకె తప్పుగా కొట్టి, "మీ పేరు మీద ఏమీ చూపిస్తలేదు" అనెను. అటుపిమ్మట ముగ్గురును నాలుగవ కుర్చీ వైపు, ఖాళీగా నున్న కుర్చీ వైపు, ఒక్కసారి చూచి, నేర్చిన పాఠమును అప్పగించినట్లుగా పలికిరి: "మేడమ్ లీవులో ఉన్నారు. రేపు రండి."

మరునాడు పోతిని. ఆమె యుండెను. ముప్పదియైదేండ్లుండవచ్చును, చెవికిని భుజమునకును నడుమ ఇరికించిన ఫోను, కుడిచేత కలము, ఎడమచేత ఎవరిదో రసీదు. నేను సంచి విప్పీ విప్పకమునుపే మిక్సీని అందుకొని, తలక్రిందులు చేసి, అడుగున చిటికెనవ్రేలి గోరంత యున్న ఎఱ్ఱని బటనును నొక్కి, తిరిగి నిలువబెట్టి, స్విచ్చి వేసెను. అది గుఱ్ఱుమని లేచెను. "ఎక్కువేసి ఉంటారు అంకుల్. లోడ్ ఎక్కువైతే మోటార్ కాలిపోకుండా అదే ఆగిపోతది. ఈ బటన్ నొక్కితే చాలు" అని నవ్వి, మరియొకరి వైపు తిరిగెను. ఐదు క్షణముల పని. అది నాకు తెలియకపోవుట నా అజ్ఞానము, ఒప్పుకొందును. కాని ఆ యంత్రములను నమ్ముకొనియే బ్రదుకుచున్న కార్యాలయములో, నెలనెల జీతము పుచ్చుకొనుచు, ముందటి దినమున నా యెదుట కూర్చున్న మువ్వురిలో ఒక్కరికిని ఆ యెఱ్ఱ బటను సంగతి తెలియకపోవుటయో, తెలిసియు చెప్పుటకు నోరు రాకపోవుటయో, ఆ నాటినుండి నన్ను వెన్నాడుచున్నది.

బయట వాన పట్టుకొన్నందున మరియొక అరగంట అక్కడనే ప్లాస్టికు కుర్చీలో కూర్చుండవలసి వచ్చెను. పంజాగుట్టలో వాన కురియుచుండగా కదలవలెనని తలచుట సాహసము గాని వివేకము కాదు. ఆ అరగంటలో ఆమె ఏమేమి చేసెనో లెక్కించితిని. తన పని తాను చేయుచుండెను, మొదటివాడు "మేడమ్, ఇది వారంటీలో వస్తదా?" అని అడిగినపుడు అతని పనియు చేసెను, కంప్యూటరు ముందరి యామె మూడుసార్లు తప్పు బిల్లు తీయగా మూడుసార్లును సరిచేసెను. ఒక పెద్దమనిషి, తన వాషింగు మెషిను ఇంకను నీరు కార్చుచుండగనే "మీ ఫిర్యాదు పరిష్కరింపబడినది" అని ఫోనుకు సందేశము వచ్చినదని వాదమునకు దిగెను. ఇంటికి వచ్చిన కుఱ్ఱవాడు ఓటీపీ అడిగి పుచ్చుకొని పోయెనట. ఓటీపీ చెప్పుటయనగా పని పూర్తియైనదని వ్రాలు చేసి యిచ్చుటయేనని ఆయనకెవరును చెప్పలేదు. ఆ కుఱ్ఱవాడు చేసిన దానికి ఆయన తిట్లు తిన్నది ఎవరు? ఆమెయే. ఆ కుఱ్ఱవానికి ఆ నెల లెక్కలో ఒక ఫిర్యాదు 'క్లోజు' అయినట్లు మంచి గుర్తు పడియుండును. ఆమెకు మాత్రము ఆ పెద్దమనిషి కోపమే మిగిలెను.

ఇట్టి చోట్ల మనకు కోపము వచ్చుట సహజము. ఆ కోపము మనకెదురుగా కూర్చున్నవాని మీదికే పోవుటయు సహజమే. కాని అది చేరవలసిన చిరునామా అది కాదని నా అభిప్రాయము. "నేను కొత్త" అన్న బాలుడు అబద్ధమాడలేదు. అతడు నిజముగనే కొత్తవాడు. వచ్చి పదిదినములో పదునైదు దినములో అయియుండును, ఆ పదిదినములలో అతనికి మిక్సీని తలక్రిందులు చేసి చూపించిన నాథుడు లేడు. అతనిని ఆ కుర్చీలో కూర్చుండబెట్టిన మనుష్యుడు వేరొకడున్నాడు. వాడు కౌంటరు దగ్గర ఎన్నడును కనబడడు. వానికి తిట్లు తగులవు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమును, దాని స్థానమున 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి చట్టమును, 'సేవాలోపము' అను మాటను చక్కగా నిర్వచించినవి. 1915 అను నంబరుకు ఫోను చేసి ఫిర్యాదును చెప్పుకొనవచ్చును. మంచిదే. కాని ఆ లోపము పుట్టిన దినమేది యని చట్టము అడుగదు. అది మిక్సీ ఆగిన దినమున పుట్టినది కాదు. ఆ బాలుని ఉద్యోగములోనికి తీసికొన్న దినమున పుట్టినది.

ఆ దినము ఎట్లుండునో చూడవలెనన్నచో పెద్ద ప్రయాణ మక్కరలేదు. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగరు వైపు మెట్రో తెరచిన పిమ్మట పంజాగుట్టనుండి అమీర్‌పేట ఒక్క స్టేషను దూరము. అక్కడ దిగి మైత్రీవనము వైపు నడచినచో, ఆదిత్య ఎన్‌క్లేవు గోడలు కనబడకుండ కప్పివేసిన బోర్డులు, ఫ్లెక్సీలు, 'ఫ్రీ డెమో' అని చేతిలో కుక్కు కరపత్రములు, వీపున సంచి తగిలించుకొని ఎస్.ఆర్. నగరు హాస్టళ్ళనుండి ఉదయము ఏడు గంటల క్లాసునకు పరుగెత్తు పిల్లలు, ఇవన్నియు కలిసి ఒక తిరునాళ్ళవలె నుండును. 1998 నవంబరు 22న వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుండి, ఇంకను చెప్పవలెనన్న అంతకు ముందునుండియే, సముద్రముల కావలి కంపెనీలు ఏ విద్యను అడిగినను ఆ విద్యను ఈ సందులు ఆరువారములలో అమ్మినవి: కోబాలు, జావా, ఒరాకిల్, డాట్‌నెట్, నేడు డేటా సైన్సు. చైనాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు షియాంగ్ బియావో హైదరాబాదునుండి విదేశములకు సాగిన ఈ పనివారి ఎగుమతిని దగ్గరనుండి పరిశీలించి, 2007లో దానిపై ఒక గ్రంథమే ప్రకటించెను.

అమీర్‌పేటను హేళన చేయుట సులభము, నేను చేయను. పల్లెటూరి కళాశాలలో నాలుగేండ్లు చదివి కంప్యూటరును కన్నెత్తి చూడని రైతుబిడ్డకు, కొద్ది వేల రూపాయల రుసుముతో, ఒక పూట వేడి ఇడ్లీ తిని ఒక పూట మానుకొని నేర్చుకొను అవకాశమిచ్చిన విద్యాపీఠము తెలుగునాట మరియొకటి లేదు. ఎందరి ఇండ్లకు కప్పులు వేయించినదో, ఎందరి అక్కచెల్లెండ్ర పెండ్లిండ్లు చేయించినదో ఆ తల్లిదండ్రులనే అడుగవలెను. అయినను ఆ వీథులలో విద్యతోపాటు మరియొక సరకును అమ్ముడగుచున్నది. అది ఉద్యోగము చేయు నేర్పు కాదు, ఉద్యోగము సంపాదించు నేర్పు. ఫలాని కంపెనీవారు అడుగు ఏబది ప్రశ్నలు, వానికి ఏబది సమాధానములు. చేయని పనికి మూడేండ్ల అనుభవపత్రము, దానికి వారిలో వాడుకమాట 'ఎక్స్‌పీరియన్స్ పెట్టుకొనుట'. అభ్యర్థికి మారుగా తెర వెనుకనుండి మరియొకడు పలుకు ఇంటర్వ్యూ, దానికి పేరు 'ప్రాక్సీ'. గురజాడవారి గిరీశము నేడు జీవించియున్నచో పూటకూళ్ళమ్మకు వెఱచి మంచము క్రింద దాగవలసిన అవసర ముండెడిది కాదు. మైత్రీవనము ఎదుట మూడవ అంతస్తులో ఇన్‌స్టిట్యూటు పెట్టి, శిష్యుడు వెంకటేశము చేతనే కరపత్రములు పంచించుచుండెడివాడు.

ఈ గిరీశములను మాత్రమే నిందించుట న్యాయము కాదు. కొనువాడున్నప్పుడే అమ్ముట. ఇంటర్వ్యూ యనగా ఏబది ప్రశ్నల జాబితా యని కంపెనీలు తేల్చినందుననే ఏబది సమాధానముల జాబితా బజారుకు వచ్చినది. తీసికొనువాడు ఒక్క ప్రశ్న మార్చి, "నీవు స్వయముగా చేసిన పని ఒకటి, చెడిపోయినది, దానినెట్లు బాగుచేసితివో చెప్పు" అని అడిగి, సమాధానమును పది నిమిషములు ఓపికగా వినినయెడల, ఆ జాబితాల వ్యాపారము సగము కూలును. కాని ఆ పది నిమిషములు ఎవరికిని లేవు. ఇక దుకాణముల సంగతి మరియు సంక్షిప్తము. అద్దమునకు 'సేల్స్ బాయ్స్, గర్ల్స్ కావలెను' అని కాగితమంటించుట, వచ్చినవానిని రెండే ప్రశ్న లడుగుట: "ఎంత ఇయ్యాలె? రేపట్నించి వస్తవా?" కొన్నిచోట్ల ఈ రెండు ప్రశ్నలును దుకాణమువారు అడుగరు, మనుష్యులను సరఫరా చేయు ఏజెన్సీవారు అడుగుదురు. టీవీలు, ఫ్రిజ్‌లు అమ్ము పెద్ద దుకాణములలో మీతో అంత ప్రీతిగా మాటలాడు యువకుడు తరచుగా ఆ దుకాణపు ఉద్యోగియే కాడు, ఒక కంపెనీవారు తమ సరకు అమ్ముటకై నిలిపిన 'ప్రమోటరు'. మీ ఇంటి గోడ వెడల్పెంత యని అతడడుగడు. అతని కంపెనీ టీవీ వెడల్పు మాత్రము చెప్పును. మరునాడు మీరు ఫిర్యాదుతో వచ్చినచో దుకాణమువాడు "వాడు మావాడు కాదండీ" అనును. అది సత్యమే. ఎవరివాడును కాని మనుష్యుని యెదుట మనము నిలుచుండి యున్నాము.

మనవారు కొనవచ్చినవానిని తెలంగాణములో 'గిరాకీ' యనియు, కోస్తాలో 'బేరము' అనియు పిలుతురు. ఒకటి వాని అవసరమునకు పేరు, రెండవది వాని గీచిగీచి అడుగుటకు పేరు. మనిషికి మాత్రము పేరు లేదు. ఇది వట్టి పలుకుబడియే గాని వట్టి యాదృచ్ఛికము కాదేమో.

అర్థశాస్త్రమున మొదటి అధికరణములోనే కౌటిల్యుడు, ఎవరిని ఏ పనిలో నిలుపవలెనను ఈ సమస్యను పట్టుకొనెను. అమాత్యులను మొదట సామాన్య పదవులయందు నిలిపి, నేటి మాటలో ప్రొబేషనులో నుంచి, పిమ్మట ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు ఉపధలతో రహస్యముగా శోధింపవలెననెను. ధనపు ఆశకు లొంగనివానికి పన్నులను, కోశమును. భయమునకు లొంగనివానికి రాజు చెంతనుండు పనులను. అన్నింటను నిలిచినవానికి మంత్రిత్వమును. ఎందులోను నిలువనివానికి గనులను, ఏనుగుల అడవులను, కర్మాగారములను చూపెను. గూఢచారులను పంపి మనుష్యులకు వలలు పన్ను ఆ పద్ధతి నాకు రుచింపదు. కాని ఆ పంపకములోని వివేకమును చూడుడు: నిలువలేనివానిని జనమునకు దూరముగా పంపెను. మనము చేయుచున్నది సరిగ్గా దీనికి విపర్యయము. ఏ పనికిని ఇంకను పనికిరాని కొత్తవానిని, అందరికంటె తక్కువ జీతగానిని, జనమునకెదురుగా, కౌంటరులో, ఫోను చెంత కూర్చుండబెట్టుచున్నాము. కొంచెము పని వచ్చినంతనే వానికి ప్రమోషనను పేరుతో అక్కడినుండి లేపి, తలుపులు మూసిన గదిలోనికి పంపుచున్నాము. మిక్సీని తలక్రిందులు చేయుట వచ్చినవాడు ఇక మిక్సీ ముఖము చూడడు.

దీనివలన వినియోగదారునికి కలుగు నష్టమును గూర్చి అందరును వ్రాయుదురు. అంతకు ముందుగా నష్టపోవువారొకరున్నారని ఎవరును వ్రాయరు. ఆ నాలుగవ కుర్చీలోని ఆమెవంటివారు. జోడెద్దులలో ఒకటి సోలిపోయినచో కాడి బరువంతయు రెండవదాని మెడమీదికి వాలును. అంతటితో పోదు, రైతు చేతి చర్నాకోల కూడ దానిమీదనే పడును, ఏలయనగా కొట్టినచో నడుచునది అదే. మేనేజరునకు అవసరము పడినపుడు పిలుచునది ఆమెనే. ఆదివారము రమ్మనునది ఆమెనే. క్రొత్తవారికి నేర్పుమని అప్పగించునది ఆమెకే, నేర్పుటకు వేళ మాత్రము ఈయడు. మిగిలిన మువ్వురికిని ఆమెకును జీతములో తేడా ఎంతయుండునో ఊహింపగలను; పెద్దది కాదు. కొన్నాళ్ళకు ఆమె ఒకటి గ్రహించును. ఫోను చూచుకొను మొదటివాడు ఏమియు చేయక ఏమియు పోగొట్టుకొనుట లేదు. తాను సర్వమును చేసి తిట్లు మూటగట్టుకొనుచున్నది. ఈ గ్రహింపు కలిగిన దినమున మంచి ఉద్యోగికి రెండే దారులు. తానును ఫోను చూచుకొనుట ఒకటి. ఎదుటి దుకాణమువాడు రెండువేలు ఎక్కువ ఇత్తుననగా పోవుట రెండవది. బలహీనుడైన పనివాడు సంస్థను విడిచిపోడు, అతనికి వేరొకచోటు లేదు, పోగలిగినవారే పోవుదురు. ఆ విధముగా, ఎవరును ఏ నేరమును చేయకుండగనే, కార్యాలయమంతయు క్రమక్రమముగా మొదటి మూడు కుర్చీలుగా మారిపోవుచుండును.

నా యౌవనమున ఈ నగరపు ఇరానీ హోటళ్ళలో వడ్డించువారిని తలచుకొందును. ఒకేచోట ఇరువదేండ్లు, ముప్పదేండ్లు పనిచేసిన వృద్ధులు. కాగితము లేదు, కలము లేదు. నాలుగు బల్లల చాయలు, ఉస్మానియా బిస్కత్తులు, సమోసాలు లెక్క తలలో పెట్టుకొని, మనము లేచి పోవుచుండగా గల్లా వద్దనున్నవానికి వినబడునట్లు మొత్తమును కేకవేసి చెప్పెడివారు. వారికెవరును సేవాధర్మముపై శిక్షణ శిబిరము పెట్టలేదు. కాని యజమాని అదే గదిలో, అదే గల్లా వద్ద, ఉదయమునుండి రాత్రివరకు కూర్చుండెడివాడు. తాను తీసికొన్న మనుష్యుడు చేయు పని తన కన్నులయెదుటనే జరుగుచుండెను. తప్పుడు మనుష్యుని తీసికొన్నచో ఆ పూటనే తెలిసెడిది. నేడు తీసికొనువాడొకచోట, పనిచేయువాడొకచోట, అనుభవించువాడొకచోట. ఈ దూరము ఎంతవరకు పోగలదో చెప్పుటకు మనసొప్పదు గాని, 2023 సెప్టెంబరులో ఈ పంజాగుట్టలోనే పేరున్న ఒక బిర్యానీ హోటలులో అదనముగా పెరుగు అడిగిన మనుష్యునకును సిబ్బందికిని మాటామాట పెరిగి, అతనిపై దాడి జరిగి, ఆ రాత్రియే అతడు మరణించినట్లును, సిబ్బందిలో కొందరిని పోలీసులు పట్టుకొన్నట్లును పత్రికలన్నియు వ్రాసినవి. దానిని సేవాలోపమనుట ఆ మృతునికి అవమానము. అయినను గిన్నెడు పెరుగు దగ్గర చేయి లేచు స్వభావమును ఆ దినమున కాకపోయినను అంతకుముందు ఏ దినముననైనను ఎవరైనను గమనించియుండవలసినది గదా యను ప్రశ్న నన్ను విడుచుట లేదు.

యజమానులతో ఈ మాట యనినచో వారి సమాధానము సిద్ధముగా నుండును: "మంచివాళ్ళు దొరకట్లేదండీ." దొరకుట లేదా, నిలుచుట లేదా? చీరల దుకాణములో ఉదయము పదింటినుండి రాత్రి పదింటివరకు నిలువుకాళ్ళపై నిలుచుండి, వంద చీరలు విప్పి వంద చీరలు మడచిన అమ్మాయి నూటయొకటవ చీరను నవ్వుచు చూపవలెననుట ఏమి న్యాయము? కేరళము 2018లోను, తమిళనాడు 2021లోను, దుకాణములలో పనివారు కూర్చుండుటకు ఆసనము లుంచవలెనని చట్టములనే సవరించుకొనవలసి వచ్చినది. కూర్చుండనిచ్చుటకు శాసనము కావలసివచ్చుట యజమానులకు కీర్తికరము కాదు. అమెరికాలో జాపోస్ అను చెప్పుల కంపెనీ ఇందుకు విచిత్రమైన ఉపాయము పన్నెను. శిక్షణలోనున్న కొత్తవారిని పిలిచి, "ఈ పని నీకు సరిపడదనుకొన్నచో ఇప్పుడే మానుకొనుము, రెండువేల డాలర్లిత్తుము" అని వారు చెప్పిరి. మనసు లేనివాడు నిలుచుటకంటె డబ్బు పుచ్చుకొని పోవుటయే తమకు లాభమని వారి లెక్క. మన అమీర్‌పేటలో లోపలికి వచ్చుటకు కన్సల్టెన్సీకి డబ్బు కట్టవలెను. పోదునన్నచో ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో నుండి బయటికి రావు. అక్కడ పొమ్మని డబ్బిచ్చిరి. ఇక్కడ పోనీయకుండ కాగితములు పట్టుకొందురు. పట్టుకొన్న మనుష్యుడు కుర్చీలో నుండును, పనిలో నుండడు.

ఈ వ్యాసము వ్రాయుటకు కొన్ని దినముల ముందు నేను మరల ఆ సర్వీసు సెంటరునకు పోవలసివచ్చెను. ఈ మారు మిక్సీ మోటారు కాదు. జారు అడుగునుండి చట్నీ కారుచున్నది. నాలుగు కుర్చీలును నిండియున్నవి, కాని ఆమె లేదు. నాలుగవ కుర్చీలో, ఆ నాడు "నేను కొత్త" అనిన బాలుడు కూర్చుండియుండెను. అతని మూతిమీద ఇప్పుడు మీసములు కొంచెము నల్లబడినవి. "మేడమ్ మానేశారు అంకుల్, రెండు నెలలైంది" అనెను. నాకు ముందు నిలుచున్న గృహిణి తన సంచినుండి ఒక మిక్సీని తీసి, "తిరగట్లేదు బాబూ" అనెను. అతడు ఏమియు మాటలాడక దానిని అందుకొని, తలక్రిందులు చేసి, అడుగున నున్న ఎఱ్ఱ బటనును నొక్కి, నిలువబెట్టి, స్విచ్చి వేసెను. అది గుఱ్ఱుమని లేచెను. అతని ముఖమున వెలిగిన గర్వమును చూచి నాకును సంతోషము కలిగెను. నా వంతు వచ్చెను. జారు చూపించితిని. అతడు దానిని అటు తిప్పి, ఇటు తిప్పి, బోర్లించి, అడుగున చాలసేపు వెదకెను.

"దీనికి బటన్ లేదు అంకుల్" అనెను.